గోడవతలి పసుపు గులాబీ

మా వీధిలో మిషనమ్మను ఎరగనివాళ్లు లేరు. జాకెట్టు కొలతలు టేపు పట్టకుండా కంటితోనే తీసేస్తుంది. తననెవరు ఏమన్నారో కూడా అంతే కచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది.

పెరట్లో తీగ గులాబీ ఆవిడ పెంపకమే. బియ్యం కడిగిన నీళ్లు పోసి, కుట్టగా మిగిలిన పేలికలతో పందిరికి కట్టి ఏడేళ్లు సాకింది. పూసిందంటే ఆకు కనబడేది కాదు, అంతా పసుపే. అన్నదమ్ములు వేరుపడి పెరటికి అడ్డంగా గోడ లేపేటప్పటికి దాని మొదలు అవతలి వాటాలో పడింది. గోడ రెండడుగులు జరపమని పెద్ద తోడికోడల్ని బతిమాలుకుంది. పెద్దావిడ నడుం మీద చెయ్యేసుకుని, "వేరెటుంటే చెట్టూ అటే. కావాలంటే వాసన చూసుకో," అంది.

మిషనమ్మ వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది.

మరుసటేడు ఎండ ఇటువైపని పూలన్నీ గోడ దాటి ఇటే వేలాడాయి. పెద్దావిడకు కళ్లు కుట్టాయి. సిగ్గు చంపుకుని వచ్చి, ఇది మా వైపు పూయాలంటే ఏం చెయ్యాలని అడిగింది. మిషనమ్మ పంటికింది గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"దానికేముందక్కా, చలి మొదలవగానే మోకాలెత్తుకు కోసెయ్యి. ఏటా."

తీగ గులాబీ పూసేది నిరుటి కొమ్మలకే. ఏటా కోస్తే ఆకులూ ముళ్లే మిగులుతాయి. ఆ సంగతి ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు.

మూడేళ్లు పెద్దావిడ పేడ వేసింది, గుడ్డు పెంకులు వేసింది. మొగ్గ లేదు. అవతల కత్తెర చప్పుడైనప్పుడల్లా మిషనమ్మకు తన వేలే తెగినట్టుండేది. అయినా మిషను ఆపేది కాదు. నాలుగో ఏడు పెద్దావిడ విసుగెత్తి, గొడ్డుపోయిందని తిట్టి, మొదలంటా తవ్వించి వీధిలో పారేయించింది. చెత్తబండి వచ్చేలోగా అది గోనెసంచిలో మిషనమ్మ పెరట్లోకి చేరిపోయింది.

రెండేళ్లు దానికి కత్తెర తగలనివ్వలేదు. మూడో ఏడు పందిరంతా పసుపు. ఒక్క రెమ్మా అవతలికి వంగకుండా పేలికలతో ఇటే లాగి కట్టింది. పెద్దావిడ స్టూలెక్కి గోడమీంచి తొంగిచూసింది.

"ఏం వేశావే దీనికి?"

"ఏం వెయ్యలేదక్కా. కొయ్యలేదంతే."

అది తలకెక్కడానికి పెద్దావిడకు కాస్త సమయం పట్టింది. "మరి నాకెందుకలా చెప్పావు?"

"అప్పుడు వేరు నీ వైపుందిగా. నా వైపుంటే నిజమే చెప్పేదాన్ని."

ఆ మాట అని, మిషనమ్మ లోపలికెళ్లి సూదిలోకి దారం ఎక్కించుకుంది. ఒక్కసారికే ఎక్కింది.