డాబా మీద దండెం

బండక్క చేతి దెబ్బ తినని వాళ్లు ఆ వీధిలో ఉన్నారంటే వాళ్లు ఈమధ్యే అద్దెకు దిగి ఉండాలి. పెరట్లో బండ మీద బట్టలు బాది బాది ఆ పేరు వచ్చిందని ఆమె అత్త చెబుతుంది. మొండితనానికి వచ్చిందని మిగతావాళ్లు చెబుతారు. ఆమెనే అడిగితే, "ఏదో ఒకటి పెట్టారుగా, పిలిస్తే పలుకుతున్నానుగా, మీకేం నొప్పి?" అంటుంది.

వీధి చివర మాంసం కోసే షెడ్డు ఉంది. అక్కడ కత్తి పట్టే వాళ్లందరి ఏప్రాన్లూ ఉతికేది ఆమే. మోకాళ్ల కిందికి దిగే మందపాటి తెల్ల గుడ్డ. సాయంత్రం అవి రబ్బరు సంచీలో నెత్తుటి ముద్దలుగా ఇంటికి వస్తాయి. మర్నాడు పొద్దుగూకేలోగా తెల్లగా, పొడిగా, మడతలు పడి తిరిగి వెళ్లాలి. నెత్తుటి మరకకు చన్నీళ్లే మందు. ఉప్పు వేసిన చన్నీళ్లలో నానబెట్టాలి, సబ్బు రుద్దాలి, బాదాలి, వెలుతురుకు ఎత్తి చూడాలి. నీడలాంటిది ఏమైనా కనబడితే మళ్లీ మొదటికి రావాలి. వేడి తగిలిందా, ఇక ఆ మరక గుడ్డతోపాటే చిరగాలి. చివరికి మిగిలిన పసుపు ఛాయను ఎండ తినేస్తుంది. అంచేత ఆమె పనిలో సగం పెరట్లో బండ దగ్గర, సగం డాబా మీద దండెం దగ్గర.

కొట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. పుట్టిన ఇల్లే నేర్పింది. నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక్క ఆడపిల్ల. తండ్రి బెల్టు తీస్తే ఎవరి వీపు దగ్గరగా ఉంటే వాళ్ల వీపు మీద పడేది. కంచం ఎవరు ముందు లాక్కుంటే వాళ్లది. పెద్దయ్యాక ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. అక్కడి సూపర్‌వైజరుకు ఆడవాళ్ల నడుము గిల్లే జబ్బు ఉండేది. ఒకరోజు అతను గిల్లిన చేతిని ఆమె అలాగే పట్టుకుని, తడి దుప్పట్లు పిండే రోలర్ల మధ్య పెట్టి తిప్పింది. వేళ్లు దుప్పటి అంచంత పల్చగా అయ్యాయని చూసినవాళ్లు అంటారు. ఆ ఉద్యోగం ఆ పూటతో సరి. ఆ తర్వాత పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "చెయ్యి చేసుకునే రకమా?" "పాపం, నోట్లో నాలుక లేనివాడు" అన్నారు పెద్దలు.

నిజమే. మొగుడు షెడ్డులో పెద్ద కత్తిమేస్త్రి. వేలాడే గొడ్డు కళేబరాన్ని నాలుగు వేట్లతో ముక్కలు చేస్తాడు. బయటికొస్తే కొట్టువాడు గొంతు పెంచినా చిల్లర వదిలేసి వెనక్కి వచ్చేస్తాడు. అత్త దీనికి పెట్టుకున్న మాట ఒకటుంది. "నా కొడుకు కత్తి పట్టాడు, నా కోడలు కక్ష పట్టింది. ఇద్దరికీ పని దొరికింది."

డాబా మీద పావురాలాయనతో ఆమెకు పడ్డ తగువు ఏళ్ల నాటిది. ఆయన వీళ్లుండే మేడలోనే పై వాటాలో ఒంటరిగా ఉంటాడు. పెళ్లాం పోయాక డాబాలో సగం చెక్కలతో, వలతో గూడు కట్టి పావురాలను పెట్టాడు. పావురాలు గూట్లోనే ఉంటే గొడవే లేదు. అవి ఎగురుతాయి, దండెం మీద వాలతాయి, కింద తెల్లటి ఏప్రాన్ ఉందని చూడవు. రెట్టపడ్డ ఏప్రాన్ వేసుకుని మాంసం ముట్టుకుంటే షెడ్డు మూత పడుతుంది. మొదట ఆమె తిట్టింది. ఆయన దండెం తాడు కోశాడు. ఆమె గూటి తలుపు తన్ని పావురాలన్నిటినీ లేపేసింది. ఆయన ఆమె చెవి మీద కొట్టాడు. ఆమె ఆయన ముంజేయి కొరికి, కండ ఊడేదాకా వదల్లేదు. ఇలా ఒకటికి ఒకటి ముడి పడుతూ పోయి, చివరికి ఒక మధ్యాహ్నం తడి బట్టల బకెట్టుతో మెట్లెక్కుతున్న ఆమెను ఆయన పైనుంచి తోసేశాడు. బకెట్టుతో సహా దొర్లి కింద పడింది. కుడి భుజం గూడు తప్పింది. డాక్టరు దాన్ని లాగి కూర్చోబెట్టి, ఇక ఆ చేత్తో బాదడం కుదరదన్నాడు.

"బాదకుండా ఎలా ఉతకమంటాడు? బుజ్జగించా?" అంది బండక్క.

"మిషన్ కొందామే" అన్నాడు మొగుడు. ఆ మాట అన్నప్పుడు అతని మనసులో ఉన్నది మామూలు మిషన్ కాదు. షెడ్డులో ఎవరో చెప్పారట, ఉతికి అందులోనే ఆరబెట్టేసేది కూడా వచ్చిందని. లోపల వేస్తే పొడిగా బయటికి వస్తుందని. దండెం అక్కర్లేదు. డాబా అక్కర్లేదు. మెట్లు అక్కర్లేదు. "ఆ మనిషి మొహం చూడక్కర్లేదు. కిందే ఉండి పని చేసుకోవచ్చు. నీ మెడ విరిగితే నేనేం చెయ్యను?"

"చూసి కొందాం. ఊరికే బటన్లు చూసి కొనేది లేదు" అంది. అని, షోరూముకు వెళ్లే రోజు రబ్బరు సంచీలో ముందురోజు ఏప్రాన్లు రెండు కుక్కుకుంది. బట్టల మిషన్ కొనేటప్పుడు బట్ట వేసి చూడకుండా ఎలా కొంటారని ఆమె లెక్క. మొగుడికీ అందులో తప్పు కనబడలేదు. రోజూ నెత్తురు చూసే ఇంట్లో నెత్తురు ఎవరికీ కనబడదు.

షోరూములో ఏసీ చల్లదనం, నేల మీద పాలిష్ మెరుపు. గుమ్మం దగ్గర గార్డు "సంచీ తెరవమ్మా" అన్నాడు. తెరిచింది. అతను చెయ్యి పెట్టాడు. తీసి చూసుకుంటే వేళ్లు ఎర్రగా, జిగటగా ఉన్నాయి.

"ఎవర్ని చంపావే?" అని అతను వేసిన కేకకు టీవీల దగ్గరున్న ఒక కుటుంబం కుటుంబమంతా ఫ్రిజ్‌ల వెనక్కి పరిగెత్తింది. గార్డు ఆమె చెయ్యి పట్టి వెనక్కి మెలిపెట్టాడు. పట్టింది గూడు తప్పిన చెయ్యి. ఆమె కళ్లు బైర్లు కమ్మాయి. ఎడమ మోచేత్తో అతని ముక్కు మీద ఒక్కటిచ్చింది. టోపీ ఒకవైపు, ముక్కుపుటాల నుంచి నెత్తురు ఒకవైపు. ఇప్పుడు షోరూములో అసలు నెత్తురు కూడా చేరింది.

"ఏప్రాన్లండీ! గొడ్డు మాంసం ఏప్రాన్లు!" అని మొగుడు రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. "ఉతికి చూద్దామని తెచ్చాం!"

మేనేజరు వచ్చాడు, షెడ్డు పేరు విన్నాడు, షెడ్డుకు ఫోన్ చేశాడు. అటువైపు పగలబడి నవ్విన నవ్వు రిసీవరులోంచి అందరికీ వినబడింది. గార్డు ముక్కులో దూది పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒకతను గొంతు సవరించుకుని, వాళ్లను నీళ్ల కుళాయి బిగించి ఉన్న మిషన్ దగ్గరికి తీసుకెళ్లాడు. వీళ్లకు తొందరగా అమ్మి పంపేస్తేనే షాపు నిలబడుతుందని అతనికి అర్థమైంది.

ఉతికి ఆరబెట్టే మిషన్‌లో ఒక ఏప్రాన్ వేశాడు. పక్కన మామూలు మిషన్‌లో రెండోది. పట్టాల్సినంత సేపు పట్టింది. మామూలు దాంట్లోది తడిగా, కొంచెం పసుపుగా వచ్చింది. ఆరబెట్టేదాంట్లోంచి వెచ్చగా, పెళపెళలాడుతూ బయటికొచ్చిన ఏప్రాన్ రొమ్ము భాగంలో అరచేయంత గోధుమరంగు మరక, ఇస్త్రీ చేసి అంటించినట్టు.

"చూశావా?" అంది బండక్క మొగుడితో. ఆమె గొంతులో గెలుపు ఉంది. "మధ్యలో ఎత్తి చూసే దిక్కు లేదు. ఉతికిందే తడవు వేయించేస్తుంది."

సేల్స్‌మన్ తల గోక్కున్నాడు. "నాదే పొరపాటమ్మా. వేడి నీళ్ల మీద పెట్టాను. మీరు చన్నీళ్ల మీద తిప్పండి. ఉతికాక ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. తీసి చూసుకోండి, మరక పోయిందనుకుంటేనే ఆరబెట్టే బటన్ నొక్కండి. రెండూ దేనికదే."

ఆమె ఆ బటన్ వైపు చూసింది. అతను చెప్పింది నిజం. బటన్ అక్కడే ఉంది.

"ఎన్ని పడతాయి?"

"ఎనిమిది కిలోలు ఉతుకుతుంది. ఆరబెట్టడం మాత్రం ఐదు కిలోలేనండి."

"అదీ! మిగతా మూడు కిలోలు నీ నెత్తిన ఆరేస్తానా?"

"రెండుసార్లుగా వేసుకోవాలమ్మా. అంతే."

"ఎండ వాసన రాదు."

మొగుడు నవ్వాడు. "గొడ్ల మధ్య నిలబడే వాళ్లకు ఎండ వాసన ఎందుకే?"

ఆమె ఇంకో వంక వెతికింది. దొరకలేదు. చివరికి మామూలు మిషన్ మీద అరచెయ్యి వేసి, "ఇదిగో, ఇది చాలు" అంది. ఎందుకని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

సామాన్ల బండిలో మిషన్ పక్కన కూర్చుని ఇంటికి వస్తుండగా మొగుడు అన్నాడు. "నీకు మిషన్ కాదే కావాల్సింది. ఆ ముసలాడు కావాలి."

"డాబా అందరిదీ."

"ఎవరు కాదన్నారు? నువ్వెళ్లకపోతే ఎవరికి నష్టం?"

"నాకు" అంది.

మర్నాడు షెడ్డుకు సెలవు. మొగుడు పెరట్లో మిషన్‌కు పైపు బిగించాడు. అది గుడుగుడుమని తిరుగుతుంటే అత్త కుర్చీ జరుపుకుని, "రైలెక్కినట్టుందిరా" అని ముచ్చటపడింది. బండక్క ఏప్రాన్లు తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. బకెట్టు ఎడమ చేత్తో పట్టుకుని మెట్లెక్కింది.

దండెం లేదు. దండెం కట్టే రెండు ఇనుప స్తంభాల మధ్య కొత్త వల బిగించి ఉంది. వల వెనక కొత్త గూడు. పావురాలాయన గుడ్డ కట్టిన పొడుగాటి వెదురుకర్రతో పిట్టలను ఎగరేస్తున్నాడు.

"మిషన్ కొన్నావట కదా. ఇంకా పైకెందుకు?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"నీ అస్థికలు ఆరేద్దామని."

ఆమె బకెట్టు దించి వల పట్టి లాగింది. మేకులతో సహా ఊడి వచ్చింది. ఆయన కర్ర తిప్పి ఆమె కుడి భుజం మీదే కొట్టాడు, ఎక్కడ కొట్టాలో తెలిసినవాడిలా. ఆమె నేల మీద పడి, తడి ఏప్రాన్‌ను తాడులా మెలితిప్పి, లేస్తూనే ఆయన మొహం మీద విసిరింది. మందపాటి తడి గుడ్డ దెబ్బ, కట్టె దెబ్బ కంటే తక్కువేం కాదు. ఆయన ముందుపన్ను ఊడి గచ్చు మీద దొర్లింది. ఆయన కర్ర వదిలేసి ఆమె మీద పడ్డాడు. మోకాలు ఆమె భుజం మీద ఆనించి, రెండు చేతులతో గొంతు నొక్కాడు. ఆయన నోటి నెత్తురు ఆమె మొహం మీద కారుతోంది. గోళ్లు దొరికిన చోటల్లా ఆమె రక్కింది. ఆకాశం చిన్నదవుతోంది. మెట్ల మీద అత్త పెడుతున్న కేకలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి.

మొగుడు పైకి వచ్చాడు. ఇన్నేళ్లలో ఈ తగువుకు అతను పైకి రావడం అదే మొదటిసారి. చేతులు ఖాళీగా, పైపు నీళ్లతో తడిగా ఉన్నాయి. ఆయన్ను లాగలేదు. వాళ్లను దాటుకుని వెళ్లి, గూటి తలుపు తెరిచి, చెయ్యి పెట్టి ఒక పావురాన్ని తీశాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య మెడ పెట్టి తిప్పాడు. చిన్న చప్పుడయింది. దాన్ని పిట్టగోడ మీద పెట్టి రెండోది తీశాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?" పావురాలాయన చేతులు సడలాయి.

మొగుడు రెండోది తిప్పాడు. మూడోది. అతని మొహంలో కోపం లేదు. షెడ్డులో బల్ల దగ్గర నిలబడ్డప్పుడు ఏ మొహం ఉంటుందో అదే మొహం. ఒకదాని పక్కన ఒకటి, తలలన్నీ ఒకే వైపుకు పేరుస్తున్నాడు. కొన్నిటి రెక్కలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"అన్నా, వద్దన్నా! నీ కాళ్లు పట్టుకుంటా! అది గుడ్ల మీద ఉందన్నా!" ఆయన నిజంగానే కాళ్లు పట్టుకున్నాడు. ఎప్పుడూ 'ఒరే కసాయీ' అనేవాడు, 'అన్నా' అంటున్నాడు. గుడ్ల మీదున్న దాన్ని కూడా మొగుడు తీశాడు.

బండక్క దగ్గుతూ, పాకుతూ వెళ్లి అతని మణికట్టు పట్టుకుంది. "ఆపు" అంది. గొంతు రాలేదు. రెండు చేతులతో వేలాడింది. ఆ మణికట్టు దూలంలా ఉంది. ఎన్నేళ్లుగానో పక్కన పడుకున్న మనిషి చెయ్యి అంత గట్టిదని ఆమెకు తెలియదు.

అతను ఆగి ఆమె వైపు చూశాడు. తూకం వేసేటప్పుడు కొనేవాళ్లను అడిగినట్టు, మామూలుగా అడిగాడు.

"చాలా?"

ఆమె తలూపింది. అతను చేతిలోదాన్ని గూట్లోకి వదిలి, తలుపు గడియ పెట్టి, పెనుగులాటలో బకెట్టులోంచి కిందపడ్డ ఏప్రాన్లు ఏరడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే పావురాలాయన మిగిలిన పిట్టలను బుట్టల్లో పెట్టుకుని వాటా ఖాళీ చేశాడు. డాబా అంతా బండక్కదే అయింది. ఈ చివర నుంచి ఆ చివరకు మొగుడు కొత్త తాళ్లు కట్టి ఇచ్చాడు. ఏప్రాన్లు వరసగా ఎండేవి, ఒక్క రెట్ట పడేది కాదు. మెట్ల మీద ఎదురుపడిన వాళ్లు గోడకు అతుక్కుని దారి ఇచ్చేవారు. వాళ్లు భయపడుతున్నది తనకు కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. కుళాయి దగ్గర ఒకావిడ కావాలనే బిందె అడ్డం పెడితే, జుట్టు పట్టుకోబోయి ఆగింది. గొడవ ఇంటికి చేరితే ఎవరు లేచి వస్తారో ఆలోచన వచ్చింది.

ఒక రాత్రి అన్నం తింటున్న మొగుడికి పులుసు వేస్తూ, "ఆ రెండోది తెద్దాం" అంది.

"ఏ రెండోది?"

"ఆరబెట్టేది కూడా."

అత్త ముద్ద మింగకుండానే అందుకుంది. "అప్పుడే చెబితే విన్నావా? షాపువాడి ముక్కు పగలగొట్టి మరీ ఇది తెచ్చావు."

మొగుడు తలెత్తాడు. "డాబా ఖాళీగా ఉందిగా ఇప్పుడు. తాళ్లు కూడా కట్టానుగా. ఎవడైనా ఏమైనా అన్నాడా?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"మరి?"

ఆమె అతని చేతి వైపు చూడలేదు. గిన్నె మూత సర్దింది.

"మెట్లెక్కలేకపోతున్నాను. మోకాళ్లు నొప్పులు."

మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. గొడవ ఎందుకని బండక్క ఒక మనిషితో అబద్ధం ఆడటం అదే మొదలు.

"సరే, రేపు వెళ్దాం" అన్నాడతను, ఇంకాస్త పులుసు వెయ్యమని కంచం ముందుకు జరుపుతూ.