పీలిక కట్టిన ఆనపకాయ

రోహిణి కార్తె ఎండల్లో మా పెరడు సగం నిద్రలో ఉండేది. బెండకాయలు ముదిరి చెట్టు మీదే పగిలేవి. వంగ చెట్లకు ఆఖరి కాయలు చిన్నచిన్నగా, వంకరగా వేలాడేవి. బీర తీగలు పందిరి మీదే ఎండిపోయి చిన్న గాలికి కూడా చప్పుడు చేసేవి. కాలువకు నీళ్ళు కట్టేసే రోజులవి. నూతిలో నీళ్ళు అడుగంటాక మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళే పాదులకు పోసేది. నేను పందిరి కింద పడుకుని ఆకుల సందుల్లోంచి ఆకాశం చూస్తూ, ఎక్కడున్నానో కూడా కాసేపు మరచిపోయేదాన్ని. ఇప్పటికీ వేసవి మధ్యాహ్నం కళ్ళు మూసుకుంటే ముందు ఆ పచ్చటి వెలుగే కనిపిస్తుంది.

మృగశిర చినుకులు పడకముందే పెరడంతా ఖాళీ చెయ్యాలి. మిగిలిన కాయలు కోసి, పాత తీగలు పీకి, పాదులు తవ్వి, ఎరువూ బూడిదా కలిపి కొత్త గింజలకు సిద్ధం చెయ్యాలి. అదంతా అమ్మే చేసేది. మా నాన్నగారు మిషను బళ్ళో పంతులు. వంకాయకీ బెండకాయకీ తేడా కంచంలోకి వచ్చాకే తెలిసే మనిషి.

పెరట్లో అమ్మకు ప్రాణమంతా ఆనపపాదు మీదే. ఆ గింజలు ఆవిడ పుట్టింటివి. పెళ్ళయిన మూడో ఏట నాన్నగారు బాప్తిస్మం తీసుకున్నారు, వెంట అమ్మా తీసుకుంది. దానితో పుట్టింటి తలుపు మూసుకుపోయింది. ఆఖరుసారి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ ఒక్క మాటా ఆడలేదట. పిడికెడు ఆనప గింజలు మాత్రం అమ్మ కొంగున ముడివేసి పంపించిందట. నగా నట్రా ఏమీ అడగని మా అమ్మ ఆ గింజల దగ్గర మాత్రం మహా పిసినారి. ఊరందరికీ కాయలు పంచేది, గింజ ఒక్కటీ ఇచ్చేది కాదు. ఏటా మంచి కాయ ఒకటి ఎంచుకుని, తొడిమకు గుడ్డపీలిక కట్టి, విత్తనానికి వదిలేసేది. అది తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పురుగు పట్టి ఆనపపందిరి దాదాపు అంతా పోయింది. ఒకే ఒక్క తీగ మిగిలింది, దానికి పీలిక కట్టిన కాయ ఒక్కటి. పాత గింజలు అప్పటికే అయిపోయాయి.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం మా క్రైస్తవుల గుడిలో ప్రథమ ఫలాలని, పండినదాంట్లో మంచిది దేవుడికి అర్పించే రోజు వచ్చింది. మిషను దొరగారు కూడా వస్తున్నారు. అమ్మ గుడి అలకడానికి పొద్దున్నే వెళ్ళిపోయింది. నాన్నగారు పెరట్లోకి వచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని, ఆ కాయ దగ్గర ఆగారు.

"చూశావుటే, మీ అమ్మ ఇంకా దిష్టి పీలికలు కడుతోంది! ఇన్నేళ్ళు వాక్యం విని ఏంటి లాభం?" అని పీలిక విప్పి పారేశారు. కాయ కోసి నా చేతుల్లో పెట్టారు. "దేవుడికి ఇంతకంటే మంచిదేముంది? నువ్వే పట్టుకుని నడు."

అది దిష్టికి కట్టింది కాదని నాకు తెలుసు. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిల్లలందరూ తెచ్చే కాయల్లోకీ పెద్దది నాది. దొరగారి ముందు దాన్ని మోసుకుంటూ నడవబోయేది నేను. నోరు మూసుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

గుడిలో ఆడవాళ్ళ చాప మీద అమ్మ ముందు వరసలో కూర్చుంది. కాయ దించి వెనక్కి తిరిగేసరికి ఆవిడ ముఖం చూశాను. పెదవులు పాట పాడుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం రావడం లేదు. దేవుడికిచ్చింది తిరిగి అడగడమెలా? పైగా దొరగారు నాన్నగారి భుజం తట్టి మరీ మెచ్చుకున్నారు. ఆరాధన అయ్యాక ఆ కాయను ముక్కలు చేసి లేనివాళ్ళకు పంచారు. లోపలి గింజలు ఇంకా పాలమీదే ఉన్నాయి, నాటడానికి పనికిరావు. మధ్యాహ్నానికి నాలుగిళ్ళలో ఆనపకాయ పులుసు ఉడికింది.

సంగతి తెలిశాక నాన్నగారు నిజంగానే నొచ్చుకున్నారు. "సంతలో ఆనప గింజలకేం కరువే? నేను తెచ్చిపెడతాను" అన్నారు. అమ్మ తవ్విన పాదు దగ్గర కూర్చుని చాలాసేపు మట్టిగడ్డలు చిదుపుతూ ఉండిపోయింది.

మూడోనాడు తెల్లవారుతుండగా నన్ను లేపింది.

"అమ్మమ్మ దగ్గరికెళ్దాం, పద. గింజలడగాలి."

మా వైపు ఇంకా రైలు రాని రోజులు. ఎక్కడికి వెళ్ళాలన్నా కాలువలో పడవే. కాలువ కట్టేశారు కనుక నడవాలి. గట్టు మీద నడిస్తే నలుగురూ చూస్తారని అమ్మ నన్ను ఎండిన కాలువలోకి దింపింది. పడవలు తిరిగే చోట మా కాళ్ళతో మేము వెళ్తుంటే, నాకు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టే ఉంది. రెండు వైపులా ఎత్తైన గట్లు, పైన సన్నటి ఆకాశం, అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో కదలకుండా కొంగలు. పాదాల కింద నత్తగుల్లలు చిటచిటమన్నాయి. ఎంతసేపు నడిచామో తెలియదు. కొన్నిసార్లు ఆ నడక ఇంకా అయిపోలేదనిపిస్తుంది.

అమ్మమ్మ పెరట్లో ఒక్కతే ఉంది. మగవాళ్ళు పొలం వెళ్ళారు. కొత్త పాదుల ముందు గొంతుక్కూర్చుని బీర గింజలు పెడుతున్నదల్లా, కంచె బయట అమ్మను చూసి లేచి నిలబడింది. మతం మారినవాళ్ళను ముట్టుకుంటే తలస్నానం చెయ్యాలని ఆ ఇంటి కట్టుబాటు. అందుకని ఎవరూ ఎవరి దగ్గరకూ వెళ్ళలేదు.

"ఆనప గింజలు తెచ్చావుటే?" అంది అమ్మమ్మ. ఆ గొంతులో ఎంత ఆశో! "ఇక్కడ మన పాదు పోయి అయిదేళ్ళయింది. నీ దగ్గరున్నాయిలే, ఎప్పటికైనా తెస్తావని చూస్తున్నాను."

అడగడానికని విప్పిన కొంగు పట్టుకుని అమ్మ అలాగే నిలబడిపోయింది.

"గింజలు లేవమ్మా," అంది చివరికి. "గింజకుంచిన కాయ నేనే పొరపాటున కోసేశాను."

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కొయ్యవు. నా చేతుల్లో పెరిగినదానివి. పీలిక కట్టిన కాయ నువ్వు కొయ్యవే."

ఎవరు కోశారని మాత్రం అడగలేదు. అమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. నేను కూడా ఏడుస్తూ, నాకు ముందే తెలుసని, తెలిసీ చెప్పలేదని గబగబా చెప్పేశాను. నా మాట ఎవరూ వినిపించుకోలేదు.

అమ్మమ్మ కంచె తలుపు తీసుకుని వచ్చింది. అమ్మ ముందు క్షణం ఆగి, వంగి, తల మీద చెయ్యి వేసింది. తర్వాత మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళి, తన గుప్పిట్లోని బీర గింజలు అమ్మ చేతిలో పోసి, "ఈ పాదు నువ్వు పెట్టు" అంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పొద్దెక్కేదాకా గింజలు పెట్టారు. నేను ముంతతో నీళ్ళు పోశాను. ఆ ఆనప జాతి మాత్రం రెండిళ్ళలోనూ అంతటితో పోయింది.

మేము వచ్చేశాక అమ్మమ్మ తలస్నానం చేసిందో లేదో నాకు తెలియదు. మేమున్నంతసేపూ చెయ్యలేదు.