బియ్యం డబ్బాలో ట్రాకర్

దెయ్యాల గురించి ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. ఎంత వింతకైనా వెనక ఎక్కడో ఊడిన వైరు ఉంటుందని కంప్యూటర్ల పని చేసేవాడికి ఒక పొగరు. నాకది కాస్త ఎక్కువే ఉండేది.

మా దీవిలో హాడో అనే పేటలో చేపల పడవల జాడ చూసే చిన్న ప్రైవేటు ఆఫీసులో నా ఉద్యోగం. పడవలోని ట్రాకర్ పెట్టె తానెక్కడుందో పంపుతూ ఉంటే, మా తెరమీద ఒక చుక్క కదులుతుంది. ఆ కబుర్లన్నీ ఒక వర్చువల్ మెషిన్‌కు, అంటే పెద్ద కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌కు చేరతాయి. దాన్ని బయటి నెట్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌లో ఆమధ్య ఒక లోపం బయటపడింది. ఎవడైనా కావాలని ఒక వంకర సందేశం పంపితే చాలు, మొత్తం బిగుసుకుపోతుంది. ఇక లోపలికి ఏదీ రాదు. సరిచేసే ఫైలు దించుకుందామంటే వానలకు లింకు తెగిపోతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. మా చిన్నాన్న ఇద్దరు మనుషులతో డింగీలో, అంటే చిన్న పడవలో, చేపల వేటకు వెళ్లి ఉన్నాడు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. సరిగ్గా అప్పుడే మెషిన్ బిగుసుకుంది. తెరమీద చుక్కలన్నీ ఆరిపోయాయి.

"అరే భయ్యా, దేఖో! ఒకటి ఉంది" అంది పక్క సీటు దీదీ.

అది చిన్నాన్న పడవ చుక్క. మెల్లగా కదులుతోంది. లోపలికి ఒక్క సందేశం కూడా రావడం లేదని మెషిన్ చూపిస్తోంది. నమ్మలేక కేబుల్ పీకేశాను. అయినా చుక్క కదులుతూ వెళ్లి ఒకచోట ఆగింది. దీదీ కూడా చూసింది.

వెతికే బోటు వాళ్లకు ఆ చోటే చెప్పాను. మనుషులిద్దరూ బోల్తాపడ్డ డింగీని పట్టుకుని అక్కడే దొరికారు. చిన్నాన్న దొరకలేదు. పడవ తిరగబడగానే మునిగిపోయాడట. ఆ తర్వాత చాలాసేపు డింగీ కొట్టుకుపోయిందని వాళ్లు చెప్పారు.

అదే ఊళ్లో డిగ్నాబాద్ పేటలో ఉండే పిన్ని దగ్గరికి వెళ్లి, ఆ ట్రాకరే ఇద్దరిని బతికించిందని ఏడుస్తూ చెప్పాను. ఆవిడ లేచి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఆ ట్రాకర్ పెట్టెను తీసింది.

"ఆయన దీన్ని అట్టుకెళ్తే గదా బాబూ! సేపలు పడే సోటు పక్కోళ్లకి తెలిసిపోద్దని ఇంటికాడే దాసేసినాడు."

మంచి చోటు దొరికితే మావాళ్లు చేసే పనే అది. ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఆ రోజు అన్ని చుక్కల మధ్య ఆయనది లేదని నేనూ గమనించలేదు. పెట్టె మీద చిన్నాన్న పేరు ఉంది. బ్యాటరీ తీసి విడిగా గుడ్డలో చుట్టి ఉంది.

రికార్డులన్నీ తిరగేశాను. ఆ మధ్యాహ్నం ఆ పెట్టె నుంచి ఏమీ రాలేదు. చుక్క ఎలా కదిలిందో నాకు ఈరోజుకీ తెలియదు. లోపం సరిచేశాక మెషిన్ మళ్లీ బిగుసుకోలేదు, ఆ చుక్కా రాలేదు.

పిన్ని ఆ పెట్టెకు బ్యాటరీ వేసి కిటికీలో పెట్టింది. దాని చుక్క డిగ్నాబాద్‌లోనే కదలకుండా ఉంటుంది. పొద్దుగూకితే నాకు ఫోన్ చేస్తుంది.

"సముద్రంలో మీ సిన్నాన్న సుక్క అగుపించిందేటి బాబూ?"

లేదని చెప్పడానికి నాకు నోరు రాదు. "ఇవాళ నెట్ బాగోలేదు పిన్నీ" అంటాను.