చట్టానికే కొర్రీ

మా సెక్షను పెద్దాయన కొర్రీ పెట్టకుండా ఏ కాగితాన్నీ ముందుకు కదలనివ్వరు. మేనకోడలు పెళ్లిపత్రిక ఇస్తే, 'వరుని తండ్రికి ఇంటిపేరు లేదు, సవరించి పంపగలరు' అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపారట. ఉల్లిపాయలు తెమ్మని భార్య చీటీ రాసిస్తే, "పెద్దవా, చిన్నవా?" అని అడగడానికి సగం దారిలోంచి వెనక్కొచ్చారట. అప్పటినుంచి సంచి ఆవిడే పట్టుకెళ్తున్నారు.

అలాంటి మనిషి బల్లమీదికి నా నెలసరి సెలవు వెళ్లింది. నేను టైపిస్టుని, అదీ తాత్కాలికం. నెలనెలా మొదటిరోజు కడుపు మెలిపెట్టేస్తుంది, కుర్చీలో కూర్చోలేను. చెప్పకుండా మానేసిన రోజులు అప్పటికే పదకొండు. ఇంకొక్కటైతే ఉద్యోగం ఊడుతుంది. కొత్త చట్టం నెలకో రోజు సెలవిస్తుందంటే ప్రాణం లేచొచ్చింది. తీరా ఫారం చూస్తే ఉసూరుమంది. డాక్టరు సర్టిఫికెట్టు కావాలట, తేదీ పదిహేను రోజుల ముందే చెప్పాలట. పైగా సెలవు తీసుకున్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డుకి అంటిస్తారట. అది రాసిన మహానుభావుడికి కడుపునొప్పి ఎన్నడూ వచ్చి ఉండదు.

సిగ్గు చంపుకుని నింపి ఇచ్చాను.

"తేదీ దగ్గర 'సుమారు' అని రాశావేంటమ్మా?"

"దానికి క్యాలెండరు తెలీదు సార్."

ఆయన నవ్వలేదు. "ఇలా కుదరదు. కొర్రీ పెట్టాలి" అంటూ ఫారం సొరుగులో పడేశారు.

నా సీట్లో కూలబడ్డాను. ఏ చట్టమొచ్చినా మనదాకా వచ్చేసరికి ఎవరో ఒకరు గుమ్మానికి అడ్డంగా నిలబడతారు, ఇక దేనికీ ఆశపడకూడదు అనుకున్నాను. ఆ నెలా నొప్పి వచ్చింది, మానేశాను. మర్నాడు నా సామాన్లు సర్దుకోవడానికే ఆఫీసుకు వెళ్లాను. హాజరుపట్టీలో నా పేరుకెదురుగా 'సెలవు' అని ఉంది.

"నా ఫారానికి కొర్రీ పెట్టారు కదా సార్?"

"నీ ఫారానికెందుకు పెడతాను? చట్టానికి పెట్టాను."

పై ఆఫీసుకు పంపిన ఉత్తరం నకలు నా ముందుకు తోశారు. ముప్ఫయ్యొక్క ప్రశ్నలు. 'తేదీని ముందుగా నిర్ణయించవలసినది శరీరమా, సెక్షనా?' 'మగ ఉద్యోగుల విరేచనాల సెలవు కూడా బోర్డుకి అంటించవలెనా?' చిట్టచివర, 'తమ వివరణ అందేవరకు ఈ ఫారం వాడుట కుదరదు గనుక, తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాసిచ్చినవారికి సెలవు మంజూరు చేయుచున్నాము.' నిన్నటి సెలవుకి ఆ ఒక్క వాక్యం రాసివ్వమని తెల్లకాగితం కూడా నా ముందు పెట్టారు.

ఎనిమిది నెలలైంది. చట్టం అలాగే ఉంది, మారుతుందన్న నమ్మకం నాకు లేదు. పక్క సెక్షన్ల ఆడవాళ్ల పేర్లు బోర్డుమీద వేలాడుతూనే ఉన్నాయి. మా సెక్షనులో ఏడుగురం మాత్రం తెల్లకాగితం రాసిచ్చి ఇంట్లో పడుకుంటున్నాం.

"వాళ్లు జవాబిచ్చేస్తే మా గతేంటి సార్?" అని మొన్న అడిగాను.

పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇవ్వనీ అమ్మా. జవాబుకి కొర్రీ పెట్టడం నాకు రాదనుకున్నావా?"