తేటాయన కాపాడుకున్న వడపోత

తెల్లారగానే తేటాయన చేసే మొదటి పని ఒకటుండేది. వడపోసిన నీళ్లు గాజు గ్లాసులో పట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి, వెనక తన అరచెయ్యి పెట్టి చూసేవాడు. చేతి గీతలు స్పష్టంగా కనబడితేనే ఊళ్లోకి నీళ్లు వదిలే చక్రం తిప్పేవాడు. లేకపోతే ఎంత పెద్దవాళ్లు ఫోన్ చేసినా తిప్పేవాడు కాదు. నీళ్ల కేంద్రంలో, నీళ్లు వడకట్టే ఇసుక తొట్ల దగ్గర ముప్పైయేళ్ల కొలువు. ఆయన చేతుల మీదుగా ఒక్క చెంబుడు మురికినీళ్లు ఎవరింటికీ పోలేదు. ఆ గొప్ప ఆయన చెప్పుకునేవాడు కాదు, పసిపిల్లల తల్లులు చెప్పుకునేవారు. తేటాయన అన్న పేరూ వాళ్లు పెట్టిందే.

పంపులు నడిపేది ఆయన బావమరిది. పనిలో ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"మోటారు తగ్గించరా! ఇసుక తట్టుకోలేదు!"

"నీ ఇసుకకేం బావా, జోలపాడి పడుకోబెట్టావు. అక్కడ పై వీధివాళ్లు బిందెలతో నన్ను తిడుతున్నారు!"

"నీళ్ల పోటెక్కువైతే ఇసుకలో సందులు పడతాయిరా. బురద వాటిలోంచి జారిపోతుంది. పైకి తొట్టి నిమ్మళంగానే ఉంటుంది. గుట్టు బయటపెట్టేది కింది నీళ్లే."

ఇంత తెలిసినవాడికి సొంత ఒంటి సంగతి తెలియకపోవడమే చిత్రం.

యాభై దాటాక బీపీ ఉందని మాత్రలు రాశారు. మూడు నెలలు మింగాడు. నొప్పా లేదు, తల తిరుగుడా లేదు. "ఏమీ లేనిదానికి మందెందుకు? నా చేతి నీళ్లు పూటకో చెంబు తాగితే లోపలంతా కడుక్కుపోతుంది" అని మాత్రలు అటకెక్కించాడు. ఊరందరికీ ఆయన నీళ్ల మీద నమ్మకమే, ఆయనకి మరో పాలు ఎక్కువ. భార్య పోరితే, "నా నీళ్లనే అనుమానిస్తున్నావా?" అనేవాడు. ఆవిడ గుట్టుగా కూరలో ఉప్పు చిటికెడు తగ్గించింది. అలాంటి ఉపకారాలు దేవుడొక్కడికే కనబడతాయి.

నాలుగేళ్లకి మూత్రంలో నురగ మొదలైంది. సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పాదాలు వాచేవి. ఆస్పత్రికి వెళితే డాక్టరమ్మ పరీక్షల కాగితాలు చూసి నెమ్మదిగా చెప్పింది.

"మూత్రపిండాలు రెండూ జల్లెళ్లే పెద్దాయనా. రక్తం ఏళ్ల తరబడి జోరుగా కొడితే, వాటిలో వెంట్రుక కన్నా సన్నటి నాళాలు పాడైపోతాయి. పోకూడని ప్రోటీను జారిపోతుంది. ఆ నురగ అదే. ఇప్పటికే సగం పని పోయింది."

"మరి నేను తాగిన నీళ్లు?"

"నీళ్లు మంచివేనండీ. కానీ బీపీని తగ్గించవు."

ఆయన తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అంటే నా ఇసుకలో సందులు పడ్డాయి. మోటారు తగ్గించకుండా ఎన్ని నీళ్లు పోసి ఏం లాభం?"

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "నాకు పాఠం చెప్పిన పంతుళ్లు కూడా ఇంత తేలిగ్గా చెప్పలేదు. పోయింది తిరిగి రాదు. మిగతా సగాన్ని నిలబెట్టుకోవాలి. మాత్ర మానకండి."

మానలేదు. రెండేళ్లయింది, ఒక్క పూటా తప్పలేదు. చప్పటి కూర తింటూ "భేష్" అంటాడు. మొన్నటి పరీక్షలో మిగిలిన సగం చెక్కుచెదరలేదని తేలింది. డాక్టరమ్మ ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకి ఆయన మాటలతోనే నచ్చజెబుతోంది. ఆ మాట వింటే భార్య ముఖం వెలిగిపోతుంది.

ఆ పరీక్ష అయిన మరుసటి వారమే, మిట్టమధ్యాహ్నం, బావమరిది పంపు పట్టుకుని నిలబడిపోయాడు. కణతలు నొక్కుకుంటున్నాడు.

"ఏం లేదు బావా, ఎండ."

ఆ "ఏం లేదు" తేటాయనకి బాగా తెలిసిన మాట. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్, ఇన్నేళ్లలో నిన్నేదీ అడగలేదు."

"అడగలేదా! రోజూ తిడుతూనే ఉన్నావుగా!"

"తిట్టాను, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. రేపు నాతో ఆస్పత్రికి రా. ఒక్కసారి చేతికి ఆ బీపీ చూసే పట్టీ కట్టించుకో. మీ అక్క కోసం వద్దు, ఊరి కోసం వద్దు. నా కోసం రారా."