సుగుణ టీచరు గారు అడగని ప్రశ్న

పోయిన వారం పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో మా వీధి చివరి కిరాణా కొట్లో సామాన్లు కట్టించుకుంటుంటే కొట్టతను లవంగాల డబ్బా మూత తీశాడు. బయట వాన. ఆ తడిగాలిలోకి లవంగాల ఘాటు ఒక్కసారిగా వచ్చి ముఖానికి తగిలింది. చేతిలో చీటీ ఉంది గాని తరవాత ఏం రాసుకున్నానో చదవడం మరిచిపోయి నిలబడిపోయాను. "దీదీ, ఔర్ క్యా దూఁ?" అని, ఇంకేం కావాలని అతను రెండుసార్లు అడగాల్సి వచ్చింది. నాకు మాత్రం రేకుల కప్పు వేసిన మా చిన్న ప్రార్థనా మందిరం, కిర్రుమనే మైకు, దాని పక్కన నేతచీర కట్టుకుని నిలబడ్డ సన్నని మనిషి కనిపిస్తున్నారు. మైకు ముందుకు వెళ్లబోతూ సుగుణ టీచరు గారు ఎప్పుడూ ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవారు. గొంతు పట్టేయకుండా ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆవిడ పోయి ఏడేళ్లయింది.

ఆవిడది శ్రీకాకుళం వైపు. ప్రభుత్వ బడిలో తెలుగు టీచరుగా ఉద్యోగం వస్తే ఒంటరిగా ఓడెక్కి ఈ దీవులకు వచ్చారు. మొదట మాయాబందర్‌లో, తరవాత పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు, రిటైరయ్యాక వెనక్కీ వెళ్లలేదు. మా సంఘంలో పెద్దవాళ్లకు బజారులో బేరమాడేంత హిందీ వచ్చు గాని ప్రసంగం అర్థమయ్యేంత రాదు. బయటి నుంచి వచ్చే బోధకులు హిందీలోనే మాట్లాడేవారు. వాళ్లు ఒక వాక్యం చెప్పి ఆగితే దాన్ని టీచరు గారు తెలుగులో చెప్పేవారు. నేను హిందీ మీడియంలో చదువుకుంటున్నానని, ఇంట్లో మాట్లాడే భాష చదవడం రాకపోవడం సిగ్గుచేటని, శనివారం మధ్యాహ్నాలు నన్ను తన ఇంటికి పిలిచి ఒత్తులూ గుణింతాలూ దిద్దించారు. అవి వచ్చాక తన పక్కన కూర్చోబెట్టుకుని హిందీ ముక్క చదివి తెలుగులో చెప్పమనేవారు. ఒకసారి నేను వాక్యం అందంగా ఉంటుందని రెండు మాటలు కలిపాను. ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"ఆ మాట ఇందులో ఎక్కడుంది?"

"లేదు టీచర్ గారూ. బావుంటుందని."

"నువ్వు బావుందనుకున్నది నువ్వు మాట్లాడేటప్పుడు చెప్పుకో. ఒకళ్ల మాట మోసేటప్పుడు దారిలో దాన్ని విప్పకూడదు."

మా అమ్మ కాంతమ్మ విశ్వాసి. నాన్న కాదు. నాన్న పేరు అప్పలరాజు. దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో లస్కరు. జెట్టీ దగ్గర తాళ్లు విసిరి కట్టడం, డెక్కు కడగడం ఆయన పని. డ్యూటీ లేని ఆదివారం అమ్మను మందిరం గేటు దాకా తీసుకొచ్చి, వానుంటే మెట్ల వరకూ గొడుగు పట్టి, తను ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చునేవాడు. మందిరం రేకులు గాలికి లేచిపోతే ఎవరూ పిలవకుండానే ఎక్కి మేకులు కొట్టిందీ ఆయనే. కానీ లోపలికొచ్చి కూర్చోలేదు. మా ఇంట్లో వంటగది పక్క గూట్లో చిన్న అమ్మవారి పటం ఉండేది. మా నాయనమ్మ ఓడలో వచ్చినప్పుడు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పటం. నాన్న సాయంత్రం స్నానం చేసి దానికి దీపం పెట్టేవాడు. అమ్మ ఆ వేళకు వాకిట్లో ఏదో ఒక పని కల్పించుకునేది.

టీచరు గారు ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు మా ఇంటికి వచ్చి నాన్నను అడిగేవారు. మొహమాటానికి కాదు, నిజంగానే అడిగేవారు. క్రీస్తు తప్ప రక్షణకు వేరే దారి లేదన్నది ఆవిడకు పొద్దు పొడుస్తుందన్నంత నిశ్చయం. అందుకే ఆవిడ గొంతులో తొందర ఉండేది. మునిగేవాడి వైపు తాడు విసిరే మనిషి తొందర.

"అప్పలరాజూ, ఈసారైనా లోపలికి రా నాయనా. నీకు అడ్డమేమిటి?"

నాన్న చేతులు కట్టుకుని నిలబడేవాడు. "మీ దేవుడంటే నాకు కోపమేటీ లేదు టీచరమ్మా. మా అమ్మ తెచ్చుకుంది ఈ తల్లిని. అమ్మ పోయింది. నాను కూడా వదిలేస్తే ఇన్ని దీవుల్లో ఆవిడికి దీపం ఎట్టేవోడెవడు, సెప్పండి?"

ఆ జవాబుకు టీచరు గారు ఒప్పుకునేవారు కాదు. అలాగని కోప్పడేవారూ కాదు. అమ్మ ఇచ్చిన టీ తాగి, నాన్న పేరెత్తి పైకి ప్రార్థన చేసి వెళ్లేవారు. ఆ ప్రార్థన అయ్యేదాకా నాన్న తల వంచుకునే నిలబడేవాడు.

నాకు పదహారేళ్లప్పుడు నాన్న గుండెకు జబ్బు చేసింది. ఆస్పత్రిలో పన్నెండు రోజులున్నాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం నేను బడిలో ఉన్నాను. అమ్మ మందుల కోసం కిందికి వెళ్లింది. చూడ్డానికి వచ్చిన టీచరు గారు మంచం పక్కన కూర్చున్నారు. అమ్మ వరసలో నిలబడి మందులు తీసుకుని పైకి వచ్చేసరికి నాన్న లేడు. ఆ అరగంటా నాన్న దగ్గర ఉన్నది టీచరు గారొక్కరే. ఏడుపులయ్యాక, నాన్న తరఫు వాళ్లొచ్చి వాళ్ల పద్ధతిలో అన్నీ జరిపించేశాక, అమ్మ మనసులో మిగిలింది ఒక్కటే మాట. ఆ అరగంటలో ఆయన క్రీస్తును ఒప్పుకున్నాడా? అమ్మ ఆ సంగతి నాతో అంది గాని టీచరు గారిని అడగలేకపోయింది. జవాబు ఏదొస్తుందోనని భయం. టీచరు గారు కూడా దాని గురించి పెదవి విప్పలేదు.

రెండు నెలల తరవాత మందిరంలో మూడు రోజుల ప్రార్థన కూడికలు పెట్టారు. బోధకుడు బయటి నుంచి వచ్చినాయన. మా సంగతులు ఆయనకేమీ తెలియవు. చివరి రోజు ఉదయం ఉద్ధార్ గురించి, అంటే రక్షణ గురించి చెప్పాడు. రెండో వరసలో అమ్మ, పక్కన నేను. ఒప్పుకోకుండా కన్నుమూసినవాడికి తలుపు మూసుకుపోయిందని, అతని మంచితనం ఆ తలుపును తెరవలేదని, వెనక మిగిలినవాళ్ల కన్నీళ్లు అక్కడికి చేరవని ఆయన హిందీలో అన్నాడు. నాకు అర్థమైంది. అమ్మకు అర్థం కాలేదు. అమ్మ తల పైకెత్తి టీచరు గారి నోటి వైపు చూస్తోంది. ఆ ఒక్క క్షణం నేను టీచరు గారిని కళ్లతోనే బతిమాలాను. ఆవిడ నన్ను చూశారు. అమ్మను చూశారు. మైకును రెండు చేతులతో పట్టుకుని, ఆ మూడు మాటల్లో ఒక్కటీ వదలకుండా తెలుగులో చెప్పారు. అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ శనివారం నేను పాఠానికి వెళ్లలేదు. ఆపై వారం పుస్తకాలు తిరిగిచ్చేయడానికి వెళ్లాను. టీచరు గారు వాకిట్లో బియ్యం చెరుగుతున్నారు. పుస్తకాలు అరుగు మీద పెట్టి, దారి పొడుగునా కూడగట్టుకున్నదంతా ఒక్కసారే అనేశాను.

"మా అమ్మకు హిందీ రాదని మీకు తెలుసు. ఆ ఒక్క మాట వదిలేస్తే ఏం పోయేది మీకు?"

ఆవిడ చేట పక్కన పెట్టారు.

"వదిలేద్దామనే అనుకున్నాను పాపా. నోటిదాకా వచ్చింది. కానీ ఈ రోజు నేనొక మాట దాస్తే, రేపు దేవుడు దయగలవాడని నేను చెప్పినప్పుడు మీ అమ్మ ఎలా నమ్ముతుంది? అది ఆయన మాటో, జాలిపడి నేను కలిపిన మాటో ఆవిడకెలా తెలుస్తుంది?"

"మరి ఆ బోధకుడు చెప్పింది నిజమేనా?"

"తలుపు ఒక్కటేనని నేనూ నమ్ముతాను. ఆ తలుపు దగ్గర ప్రభువు ఎవరితో ఏం మాట్లాడతాడో నాకెవరూ చెప్పలేదు. క్రీస్తు పక్క సిలువ మీద ఆఖర్న నమ్మిన దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారు? ఆ చివరి గడియలో వాళ్లిద్దరి మధ్యా నడిచిన మాట మనకు తెలిసింది. మిగతావాళ్లందరి సంగతీ మనకు తెలియాలని ఎక్కడుంది?" అని లేచి చెప్పులు వేసుకున్నారు. "పద. ఇన్నాళ్లూ ఒకరి మాటలు చెప్పాను. నా మాట ఒకటి మీ అమ్మకు చెప్పాల్సి ఉంది. ముందే చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు."

అమ్మ వంటింటి గడపలో కూర్చుని ఉంది. టీచరు గారు ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలేసి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. అమ్మ కంగారుపడి లేవబోతే చెయ్యి పట్టి ఆపారు.

"కాంతమ్మా, అతను ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. నేను అడగలేదు."

అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఏటేటా అడిగినదాన్ని, అడగాల్సిన రోజున అడగలేదు. దాహమన్నాడు. దూది తడిపి పెదవులకు అద్దాను. వానొస్తే కాంతానికి గొడుగు మీద ధ్యాస ఉండదు, సూసుకోండి టీచరమ్మా అన్నాడు. సరేనన్నాను. తరవాత, బయమేస్తంది అన్నాడు. ప్రభువున్నాడు అని చెప్పాలి నేను. జీవితమంతా అదే చెప్పాను. అప్పుడు మాత్రం నేనున్నాను భయపడకు అన్నాను. చెయ్యి పట్టుకున్నాను. అంతే. ఇంకో మాట అడిగే వ్యవధి ఉంది. అడగలేకపోయాను. అది దయో, నా అవిశ్వాసమో నాకే తెలీడం లేదు. నీ భర్త ఎక్కడున్నాడో నేను చెప్పలేను. అతను వెళ్లింది ఎవరి దగ్గరికో మాత్రం నాకు తెలుసు. ఆయన మన బోధకుల కంటే మంచివాడు, నా కంటే మంచివాడు. నా దగ్గరున్నది ఇంతే."

నేను అమ్మ అరుస్తుందనుకున్నాను. అమ్మ నెమ్మదిగా అంది.

"అడక్కపోడమే మంచిదయ్యింది టీచరమ్మా. మీరు అడిగుంటే ఆయన మీ మాట కాదన్లేక అవునండీ అనీసేవారు. మీరంటే అంత మర్యాద ఆయనకి. అప్పుడు నాకేటి తెలిసేది? అది దేవుడికి సెప్పినదో, మీకు సెప్పినదో అని బతికినన్నాళ్లూ కొట్టుకునేదాన్ని." తరవాత, "బయమేస్తందన్నారా? మీరు సెయ్యి అట్టుకున్నారు గదా, సాల్లెండి" అంది.

టీచరు గారు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అమ్మే వెళ్లి టీ పెట్టింది. ఆ సాయంత్రం అమ్మ గూట్లో ఉన్న పటం దుమ్ము తుడిచింది. దీపం పెట్టలేదు, పటాన్ని తీసేయనూ లేదు. నేను ఆ పైవారం పాఠానికి వెళ్లాను.

ఆ తరవాత టీచరు గారు తన ప్రార్థనల్లో నాన్న పేరు తలుచుకోవడం మానలేదు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. ఒక పెద్దమనిషి ఇది తప్పు కదా టీచర్ గారూ అన్నాడు. "తప్పేనేమో" అన్నారు ఆవిడ. "తప్పయితే దేవుడే దిద్దుతాడు. నేను పిల్లల తప్పులు నలభై ఏళ్లు దిద్దాను, ఏ పిల్లనీ బడిలోంచి పంపేయలేదు." తరవాతి కూడికల్లో మైకు దగ్గరికి వేరే మనిషిని పిలిచారు. టీచరు గారు వెనక వరసలో ముసలమ్మల మధ్య కూర్చునేవారు. వాళ్లకు తెలియని మాటొస్తే చెవిలో చెప్పేవారు.

నేను నర్సు చదువు చదివి ఆస్పత్రిలో చేరాను. టీచరు గారు మంచాన పడ్డ ఆఖరి నెలల్లో డ్యూటీ దిగి ఆవిడ ఇంటికి వెళ్లేదాన్ని. ఒక పొద్దున జడ వేస్తూ అడిగాను, "భయంగా ఉందా టీచర్ గారూ?"

"కొంచెం. నా పేరు పైన జీవగ్రంథంలో ఉందని ఎన్నోసార్లు బోధించాను గాని, పేజీ తిప్పి చూసినదాన్ని కాదు కదా" అని నవ్వారు. "నా విశ్వాసం గట్టిదని కాదు పాపా ధైర్యం. ఆయన మంచివాడని." జడ మరీ బిగించానని చెప్పి మళ్లీ వేయించుకున్నారు. నాలుగు రోజులకు, నేను డ్యూటీలో ఉండగా పోయారు. దగ్గరున్న పక్కింటావిడ నాతో, ఏమీ అనలేదమ్మా, నిద్దట్లోనే, అంది.

టీచరు గారు నమ్మినదంతా నేను నమ్ముతున్నానో లేదో నాకు తెలియదు. ఆదివారాలు మందిరానికి వెళతాను. ఎవరు లోపల, ఎవరు బయట అనే మాట వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ తల పైకెత్తి చూస్తున్న మా అమ్మ ముఖమే కనిపిస్తుంది. కానీ వార్డులో ఆవిడ నేర్పిన పని రోజూ చేస్తూనే ఉన్నాను. చావు దగ్గర ఉన్న మనిషి మాటకు నేను ఏదీ కలపను, ఏదీ తీసేయను.

మొన్న మా వార్డులో ఒక పెద్దాయన పోయాడు. కూతురు మాయాబందర్ నుంచి రావాలి. సముద్రం బాగాలేక బోటు ఆలస్యమై, ఫీనిక్స్ బే జెట్టీలో దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అయిపోయింది. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో చిన్న సిలువ. తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చి, ఏడ్చి, తరవాత నన్ను బయటికి పిలిచింది.

"సిస్టర్, మా నాన్న నమ్మలేదండీ. ఎంత చెప్పినా వినలేదు. ఆఖర్న ప్రభువు పేరు ఏమైనా అన్నారా? కొంచెమైనా?"

అవునంటే సరిపోతుంది. ఆ పిల్ల జీవితాంతం దాన్ని పట్టుకుని బతుకుతుంది. నా నోటిదాకా వచ్చింది.

"లేదమ్మా" అన్నాను. "గాలాడ్డం లేదు, కిటికీ తెరవమన్నారు. తెరిచాను. నీళ్లు అడిగితే రెండు చెంచాలు పట్టాను. మా బిడ్డ బోటెక్కిందా అని అడిగారు. నువ్వు ఫోన్ చేశావు కదా, ఎక్కిందని చెప్పాను. తరవాత బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆ చూసినప్పుడు ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. కొంతసేపటికి, "ఏ కిటికీ?" అంది.

చూపించాను. ఆమె వెళ్లి చువ్వలు పట్టుకుని నిలబడి, తండ్రి చూసిన వైపే చూడసాగింది. నా డ్యూటీ అయిపోయి చాలాసేపయింది. అయినా వెళ్లలేదు. ఇంకేమైనా అడుగుతుందేమో, నాకు తెలిసినంతవరకు చెబుదామని ఆమె వెనకే నిలబడ్డాను.