ఎడమ వైపు సుత్తి

తాస్‌కుదుక్ జంక్షన్‌లో నా ఆటల గది స్టేషన్ గోడకు ఆనుకునే ఉంది. నాలుగు తెరలు, నాలుగు ఆట పెట్టెలు, ఎనిమిది కుర్చీలు, ఒక కెటిల్. వచ్చినవాళ్ళు గంట చొప్పున ఆడుకుని పోతారు. వేసవిలో ఈగలు తప్ప ఎవరూ రారు. చలికాలం బురాన్ గాలి మొదలై, మంచు పై నుంచి కాక పక్క నుంచి కొట్టడం మొదలుపెడితే మాత్రం కుర్చీ దొరకదు.

ఒకప్పుడు అది ప్రయాణికుల సామాన్లు దాచే గది. అందులో ఇరవై ఆరేళ్ళు కూర్చుని చీటీలు రాసిచ్చిన మనిషి షెకెర్ అపా; పెద్దావిడ కాబట్టి అందరం అపా అంటాం. ఉద్యోగం అయిపోయినా, గది నా చేతికి వచ్చినా, ఆమె రావడం మానలేదు. ఉదయం పదింటికి వచ్చి, కిటికీ పక్కన తన పాత చోటే చూసుకుని కూర్చునేది. ఆడేది కాదు, తెర వైపు చూసేది కూడా కాదు. కళ్ళు మూసుకుని టీ తాగేది. జేబులోంచి ఎండు పెరుగు ఉండ తీసి చప్పరించేది. ఒకసారి అడిగాను.

"అపా, నీకు ఈ గోల ఎందుకు? ఇంట్లో వెచ్చగా పడుకోవచ్చుగా."

"ఇంట్లో చప్పుడు ఉండదు నాయనా," అంది. "చప్పుడు లేకపోతే నాకు భయం."

నవ్వుతూ అనలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ ఏడు లోకమంతా ఒకే ఆట గురించి మాట్లాడింది. గుర్రమెక్కి కొండలూ కోనలూ తిరిగే ఆట. మా గదిలో దాని గురించి రోజూ యుద్ధమే. ఒక పక్క బడిలో లెక్కలు చెప్పే మర్లెన్ మాస్టారు, ఇంకో పక్క ఆయన దగ్గరే చదువుకుని ఇప్పుడు రైలింజిన్‌లో సహాయకుడిగా ఉన్న జెంగిస్. ఆడటం మానరు, తిట్టుకోవడం మానరు.

"గోపురం ఎక్కు, పటం తెరుచుకుంటుంది. శిబిరం మీద పడు, పెట్టె దొరుకుతుంది. మళ్ళీ గోపురం," అన్నాడు మాస్టారు ఆ రోజు. "పోయినేడు ఆట ఇదే, అంతకు ముందుదీ ఇదే. గుర్రం రంగు మార్చి అమ్ముతున్నారు, మీరు ఎగబడుతున్నారు."

"మీరు ఇరవై ఏళ్ళుగా ఏడో తరగతికి అవే లెక్కలు చెప్తున్నారు. ఎవరైనా ఏమన్నా అన్నారా మాస్టారూ?"

"పిల్లలు మారతారురా."

"ఇక్కడా ఆడేవాడు మారతాడు. లోకమంతా పదికి పది ఇచ్చింది, మీకొక్కరికే నచ్చలేదు."

"లోకం ఇచ్చిందని నేనూ ఇవ్వాలా? ఆరు ఇస్తాను. ఆ ఆరూ గుర్రానికి. ఇదిగో, ఈ ఊరు చూడు. వీధిలో నూరుమంది తిరుగుతున్నారు. ముఖాలు ఐదు. నడక ఒక్కటి. అందరి కాళ్ళకూ ఒకే చప్పుడు అతికించారు."

"ఒకటి కాదు," అంది కిటికీ పక్క నుంచి షెకెర్ అపా. కళ్ళు తెరవలేదు. "రెండు."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆ గదిలో ఆమె ఆట గురించి నోరు విప్పడం అదే మొదలు.

"తక్కినవాళ్ళందరిదీ ఒకటే," అంది. "ఒక్కడిది వేరు. ఇందాకటి నుంచి వాడు దగ్గరికొస్తున్నాడు, దూరం పోతున్నాడు. దేని చుట్టో తిరుగుతున్నాడు."

జెంగిస్ గుర్రం దిగి వీధులన్నీ వెతికాడు. ఊరి గోడ వెంబడి లాంతరు పట్టుకుని తిరిగే కావలివాడు ఒకడు కనిపించాడు. ఏ ఆటలోనైనా ఉండే మనిషే, పేరు కూడా లేదు. వాడు దగ్గరికి రాగానే అపా వేలు ఎత్తింది.

"వీడే. నడిచేది రాతి మీద కదూ? చప్పుడు రాతిది కాదు. మంచు కింద కంకర మీద నడిచినట్టుంది. దానికి కాస్త వెనగ్గా ఇంకో చప్పుడు పడుతోంది."

తక్కిన తెరలు ఆపేశాను. శబ్దం పెంచాం. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. మాకు టపటపమనే అవే అడుగులు. బయట గాలి కిటికీ సందులోంచి ఈల వేస్తోంది.

"నాకేం తేడా లేదు," అన్నాడు జెంగిస్, కాస్త జాలిగా.

"మీకు ఉండదులే," అని ఆమె టీ అందుకుంది.

మాస్టారిది ఏదైనా రుజువు చేసి చూపితే తప్ప ఒప్పుకోని బుద్ధి. కావలివాడి వెనకే ఒక చుట్టు మొత్తం తిరిగి, ఆ శబ్దాన్ని ఫోన్‌లో పట్టుకుని పోయాడు. బడి కంప్యూటర్‌లో దాన్ని గీతలుగా పరిచి చూసుకుంటానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి, టోపీ కూడా తియ్యకుండా కూర్చున్నాడు.

"అపా చెప్పింది నిజమే. వాడి ప్రతి అడుగు కిందా ఇంకో సన్నటి గీత ఉంది. తక్కినవాళ్ళకు లేదు."

జెంగిస్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశారా మాస్టారూ. అంతా ఒకటే అన్నారు. ఒక్క కావలివాడి కోసం వేరే చప్పుడు చేసి పెట్టారంటే ఎంత శ్రద్ధో చూడండి."

"శ్రద్ధ కాదురా. మా ఇంట్లో అదే ఆట ఉంది. అర్ధగంట వాడి వెనక తిరిగాను. మా ఇంట్లో వాడికి ఆ గీత లేదు. ఇక్కడి డిస్క్‌లోనే ఉంది."

నా వైపు చూశారు. ఆ డిస్క్ నేను కరగంద సంతలో ఎవరో వాడినది కొన్నాను. వెనక వైపు గీరుకుపోయి ఉంది, అదే చెప్పాను. మాస్టారు తలూపాడు కానీ, ఆ జవాబు ఆయనకు సరిపడలేదని తెలుస్తూనే ఉంది.

"అడుగుల చప్పుడు తీసేసి ఆ రెండోదే మిగిల్చాను," అని ఫోన్ తీశాడు. "ఇనుము మీద ఇనుము కొట్టినట్టుంది. అపా, నువ్వు వింటావా?"

ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఆమె కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి ఆమె చూపుడు వేలు బల్ల మీద కొట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని అర్థమైంది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. అక్కడ వేలు గాలిలో ఆగింది. తర్వాత బల్ల మీద మెల్లగా రెండుసార్లు తట్టింది. మళ్ళీ నలభై ఒకటి నుంచి మామూలుగా సాగి, యాభై రెండు దగ్గర ఆగిపోయింది.

మాస్టారు తన కాగితం మీద పెన్సిల్‌తో గీతలు లెక్కపెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. నాకు చూపించాడు. నలభయ్యో అడుగు కింద ఒకటి కాదు, రెండు గీతలున్నాయి. యాభై రెండో అడుగుతో వాడి చుట్టు పూర్తయింది.

అపా చెవుల్లోంచి తీసేసి, వాటిని బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

"కెనెస్," అని నన్ను పిలిచింది, "వేడి టీ పొయ్యి."

ఆమె సామాన్ల గదికి రాక ముందు ఏం చేసేదో మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు చెప్పింది.

పంతొమ్మిదేళ్ళకే ఆమె వ్యాగన్ల చక్రాలు పరీక్షించే పనిలో చేరింది. పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి వినాలి. బాగున్న చక్రం ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. అనుమానం వస్తే రెండుసార్లు కొడతారు. కుడి వైపు ఆమె, ఎడమ వైపు సెయిల్‌బెక్ అని ఆమె కంటే పదేళ్ళు పెద్దవాడు. మధ్యలో రైలు. ఒకరికొకరు కనిపించరు. ఆమె సుత్తి పడిన వెంటనే అవతల అతని సుత్తి పడేది. అలా ఎనిమిదేళ్ళు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో, పొద్దున పూట, బురాన్‌లో యాభై రెండు వ్యాగన్ల బొగ్గు రైలు వచ్చింది. చాచిన చెయ్యి కనిపించని మంచు, అందుకని వ్యాగన్‌కు ముందు చక్రం ఒక్కటే కొట్టుకుంటూ పోదామనుకున్నారు. ఇంజిన్ దగ్గర విడిపోయి చెరో వైపు మొదలుపెట్టారు. ఆమె కొట్టింది, అవతల అతను కొట్టాడు. నలభయ్యో వ్యాగన్ దగ్గర అవతలి నుంచి మొద్దు చప్పుడు వచ్చింది, వెంటనే మళ్ళీ ఇంకోటి. పగులు పట్టుకున్నాడనుకుని ఆమె ముందుకు సాగింది. యాభై రెండు దాకా అతని సుత్తి విన్నది. తోక దగ్గర అతను కనిపించలేదు. చలికి ముందే పనివాళ్ళ గుడిసెకు పోయి ఉంటాడనుకుని, తనూ వెళ్ళి పుస్తకంలో తన వైపు సంతకం పెట్టింది.

"రైలు కదిలి వెళ్ళాక పట్టాలు ఊడ్చేవాళ్ళు కేకేశారు," అంది. "సెయిల్‌బెక్ తొమ్మిదో వ్యాగన్ నిలబడ్డ చోట ఉన్నాడు. మీద మూరెడు మంచు. సుత్తి కడుపు కింద ఉంది. గుండె ఆగిందన్నాడు డాక్టర్, రైలు మొదట్లోనే."

"ప్రతిధ్వని అయ్యుంటుంది అపా," అన్నాడు మాస్టారు. "నీ సుత్తిదే."

"డిపో పెద్దవాళ్ళూ అదే అన్నారు. కురిసే మంచులో ప్రతిధ్వని ఉండదు నాయనా, మంచు మింగేస్తుంది. పైగా నా వైపు నలభయ్యోది బాగానే పలికింది. ఆ మాటే మేస్త్రీకి చెప్పాను, నలభయ్యో దాని ఎడమ చక్రం చూడమనండి, పై స్టేషన్‌కి ఫోన్ చెయ్యండని. చచ్చినవాడు కొట్టాడా అని అరిచాడు. నేను ఊరుకోలేదు. వారంలో నన్ను చెవి డాక్టర్ దగ్గరికి పంపారు. వినికిడి దోషం అని ఉద్యోగం పుస్తకంలో రాసి, ఈ గదిలో కూర్చోబెట్టారు."

"ఆ చక్రం సంగతి?" అన్నాడు జెంగిస్.

"ఎవరూ చెప్పలేదు. ముప్పై అయిదేళ్ళు. నా చెవులే తప్పేమో అని రోజూ అనుకునేదాన్ని. అందుకే చప్పుళ్ళ మధ్య కూర్చుంటాను, సరిచూసుకోవడానికి."

ఆ సాయంత్రమే ఆ డిస్క్‌ను పెట్టెలోంచి తీసేశాను. జెంగిస్ దాన్ని ముట్టుకోనన్నాడు. మాస్టారు ఇంకోసారి విందామన్నాడు గాని, పట్టుబట్టలేదు.

జెంగిస్ మాత్రం ఊరుకోలేదు. పాత తనిఖీ పుస్తకాలు డిపో నేలమాళిగలో ఉంటాయట. సెలవు రోజున పోయి అక్కడి కాపలా ముసలాయనకు పొగాకు పొట్లం ఇచ్చి, రెండు పూటలు దుమ్ములో వెతికాడు. మర్నాడు పొద్దున ఎనభై నాలుగు నాటి పుస్తకాన్ని కోటు కింద దాచుకుని తెచ్చాడు. తెచ్చినవాడు దాన్ని అపా ముందు పెట్టి, దూరంగా పోయి నిలబడ్డాడు. ముందే చదివాడన్నమాట.

పేజీ మీద ఆమె సంతకం ఉంది: కుడి వైపు సరే. దాని కింద ఇంకో రాత. ఎడమ వైపు, నలభయ్యో వ్యాగన్, ముందు చక్రం, పగులు. సంతకం సెయిల్‌బెక్‌ది. పక్కన ఎర్ర సిరాతో పై స్టేషన్ నుంచి వచ్చిన కబురు: చక్రం పగిలి ఉంది, వ్యాగన్ విడదీశాం.

మాస్టారు అద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు. "ఇది మేస్త్రీ పని. పై స్టేషన్ నుంచి చక్రం పగిలిందని కబురు వచ్చుంటుంది. చూడకుండా రైలు పంపినందుకు తన మెడకు చుట్టుకుంటుందని ఇతని పేరుతో రాసేశాడు. అంతే, ఇంకేం కాదు."

"మేస్త్రీ ఎడమ చేత్తో రాసేవాడు," అంది అపా. "అక్షరాలు వెనక్కి వాలేవి. ఇది సెయిల్‌బెక్ రాత." ఆ పేరు మీద వేలు పెట్టబోయి, పెట్టకుండానే వెనక్కి తీసుకుంది. "నా చెవులు బాగానే ఉన్నాయి," అంది తర్వాత. మాతో అన్నట్టు లేదు.

ఆ పేజీని ఫోటో తీసి కాగితం మీద దింపించాను. అది పట్టుకుని ఆమె డిపో ఆఫీసుకు వెళ్ళి, తన ఉద్యోగం పుస్తకంలో వినికిడి దోషం అన్న మాట కొట్టెయ్యమంది. అక్కడి కుర్రాఫీసరు మర్యాదగానే, కొత్తగా చెవి పరీక్ష కాగితం తెమ్మన్నాడు. జిల్లా ఆసుపత్రిలో పరీక్ష చేస్తే వయసు వల్ల కుడి చెవి మందగించిందని వచ్చింది. ఎడమది బాగుంది. ఆ కాగితం సరిపోదన్నారు. ఆమె మళ్ళీ వెళ్ళలేదు.

సెయిల్‌బెక్ భార్య బాల్‌జాన్ పట్టాల అవతల రైల్వే ఇళ్ళల్లో ఉంటుంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ముప్పై అయిదేళ్ళలో ఎదురుపడితే తల తిప్పుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. ఆ పేజీ కాగితం ఆమెకు చూపించాలని అపా బయలుదేరింది. దారంతా గడ్డకట్టిన నీరు, అందుకని అపా చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. బాల్‌జాన్ తలుపు తీసి, ఆశ్చర్యపోకుండా లోపలికి రమ్మంది. టీ, నూనెలో వేయించిన బౌర్సాక్‌లు ముందు పెట్టింది. కాగితం తీసుకుని వెలుతురులో పట్టుకుని చూసింది.

"ఆయన రాతే," అని తిప్పి బల్ల మీద బోర్లించింది. "దీన్ని నా ఇంట్లో ఉంచకు."

"నేను విన్నాను బాల్‌జాన్. యాభై రెండు దాకా విన్నాను. నిన్ను బాధపెట్టడానికి రాలేదు."

"నువ్వు ఒక్క పూట విన్నావు," అంది బాల్‌జాన్. గొంతు తగ్గించింది. "నేను పచ్చగడ్డి మొలిచేదాకా విన్నాను. పొద్దున్నే, బొగ్గు కొట్టు వైపు నుంచి. ఒక్కొక్క దెబ్బే. మా అత్తగారు వినలేదు, పిల్లలు వినలేదు. నేను లేచి పోయి చూస్తే మంచు మీద ఒక్క అడుగు కూడా ఉండేది కాదు."

షెకెర్ అపా కప్పు కింద పెట్టింది.

"అప్పుడే వచ్చి ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? నాకు పిచ్చని ఊరంతా అన్నారు."

"అన్నారనే చెప్పలేదు. నీకేం చేశారో చూశాను కదా. ముగ్గురు పిల్లలు నాకు. నన్నూ ఆ సామాన్ల గదిలో నీ పక్కన కూర్చోబెట్టేవాళ్ళు."

"కూర్చోబెడితే తోడైనా ఉండేదానివి," అంది షెకెర్ అపా.

బాల్‌జాన్ లేచి ఆమె కప్పులో చల్లారిన టీ పారబోసి, వేడిది పోసింది. నేను పొయ్యిలో బొగ్గు వెయ్యడానికి లేవబోతే, కొట్టులోకి తనే వెళ్తానని, నన్ను వెళ్ళవద్దని అంది.

ఇది జరిగి రెండేళ్ళయింది. అపా నా గదికి ఇప్పుడు రావడం తక్కువ. వారంలో నాలుగు రోజులు పట్టాలు దాటి అవతలికి పోతుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో తెలియదు. అసలు మాట్లాడుకోరని, బొగ్గు కొట్టు వైపు తలుపు వారగా తెరిచి పెట్టుకుని ఊరికే కూర్చుంటారని బాల్‌జాన్ కోడలు చెప్పింది. బురాన్ రోజుల్లో కూడా ఆ తలుపు మూయనివ్వరట.